మీటరు చెప్పిన లీటరు

డిపోలో ట్యాంకర్లు నింపే గ్యాంట్రీ కింద 12,000 లీటర్ల ట్యాంకరు నిలబడి ఉంది, డీజిల్ ఎక్కుతోంది. మీటరు అంకెలు తిరిగి తిరిగి 12,000 దగ్గర ఆగాయి. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఆ అంకె చూసే కాగితం రాసుకుంటారు. ఆ మీటరు 0.2 శాతం తక్కువ చూపుతోందనుకుందాం. ట్యాంకరుకు 24 లీటర్లు లెక్కకెక్కకుండా బయటికి పోతాయి. రోజుకు 30 ట్యాంకర్లు నింపే చోట అది 720 లీటర్లు. ఎవరూ తీయలేదు, ఎక్కడా కారలేదు. అయినా నెలాఖరున స్టాకు తేలకపోతే అనుమానం ముందు షిఫ్టులో ఉన్న మనుషుల మీదికే పోతుంది. మీటరును వేళకు సరిచూడటం డబ్బుకే కాదు, వాళ్ళ మాటకూ రక్షణ. ఈ పని మీద తరచూ వచ్చే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పుకోవాలని నాకనిపించడానికి అదే కారణం.

మీటరు నిజంగా కొలిచేది దేన్ని?

ఏ మీటరూ లీటర్లను నేరుగా చూడలేదు. ఇంకేదో ఒకదాన్ని చూసి, దాన్నిబట్టి లీటర్లు లెక్కగడుతుంది. ఆ ‘ఇంకేదో’ ఏమిటో తెలిస్తే మీటరు ఎక్కడ తప్పగలదో సగం తెలిసినట్టే.

ఇంధన డిపోల్లో ఎక్కువగా ఉండేది పీడీ మీటరు, అంటే పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ మీటరు. దాని లోపల రోటరు తిరుగుతూ ద్రవాన్ని ఒకే పరిమాణం ఉన్న అరలుగా విడగొట్టి ముందుకు తోస్తుంది. ఎన్ని అరలు దాటాయో గేర్లు లెక్కపెడతాయి. కల్లంలో కుంచంతో ధాన్యం కొలుస్తూ లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టినట్టే. అయితే రోటరుకూ గోడకూ మధ్య వెంట్రుక పాటి సందు తప్పనిసరిగా ఉంటుంది, లేకపోతే అది తిరగనే తిరగదు. ఆ సందులోంచి కొంత ద్రవం లెక్కకు అందకుండా జారిపోతుంది. బేరింగులు అరిగేకొద్దీ సందు పెరిగి, మీటరు తక్కువ చూపుతుంది. పెట్రోలు లాంటి పలచటి ద్రవం ఎక్కువ జారుతుంది, లూబ్ ఆయిల్ లాంటి చిక్కటిది తక్కువ. డీజిల్ మీద సరిచూసిన మీటరును పెట్రోలు లైనుకు మార్చి, పాత సర్టిఫికెట్‌నే నమ్మకూడదనేది ఇందుకే.

నీళ్ళు, మురుగునీరు, ఆమ్లాలు, పాలు వెళ్ళే లైన్లలో మాగ్నెటిక్ మీటరు పెడతారు. అయస్కాంత క్షేత్రం గుండా విద్యుత్తును మోయగల ద్రవం పరుగెత్తితే అందులో చిన్న వోల్టేజీ పుడుతుంది. గోడకు రెండు వైపులా ఉన్న ఎలక్ట్రోడ్లు దాన్ని పట్టుకుంటాయి. 1832లోనే మైకేల్ ఫారడే లండన్‌లోని వాటర్లూ వంతెన దగ్గర థేమ్స్ నదిలోకి లోహపు పలకలు దించి, భూమి అయస్కాంత క్షేత్రంలో నది పారుతున్నందుకు వోల్టేజీ వస్తుందేమో చూశాడు. సూత్రం సరైనదే, ప్రయోగం మాత్రం ఫలించలేదు. పలకల దగ్గర రసాయనికంగా పుట్టిన వోల్టేజీలు అసలు సంకేతాన్ని మింగేశాయి. ఇప్పటి మీటర్లు క్షేత్రం దిశను సెకనుకు ఎన్నోసార్లు మార్చి ఆ బెడదను తప్పించుకుంటాయి. అయినా ఎలక్ట్రోడ్ మీద జిడ్డు పేరుకుంటే ఫారడేకు ఎదురైన చిక్కు మళ్ళీ మొదలవుతుంది. ఇంకో షరతు: మామూలు మాగ్నెటిక్ మీటరుకు ద్రవం వాహకత సెంటీమీటరుకు సుమారు 5 మైక్రోసీమెన్సు అయినా ఉండాలి. పెట్రోలు, డీజిల్ దానికి కనపడవు. బాయిలరు కోసం లవణాలన్నీ తీసేసిన డీఎం నీరు కూడా అంతే.

టర్బైను మీటరు రెక్కల చుట్లు లెక్కపెడుతుంది. కొరియాలిస్ మీటరు కంపించే గొట్టంలో వచ్చే మెలికను చూసి నేరుగా బరువు చెబుతుంది. అల్ట్రాసోనిక్ మీటరు ప్రవాహంతోపాటు, ప్రవాహానికి ఎదురుగా వెళ్ళే శబ్దానికి పట్టే సమయాల మధ్య తేడా చూస్తుంది.

కంపెనీ సర్టిఫికెట్ ఉంది కదా, మళ్ళీ లైనులో సరిచూడటం ఎందుకు?

ఆ సర్టిఫికెట్ అబద్ధం కాదు. కాకపోతే అది మరో చోటి నిజం. తయారీదారు ప్రయోగశాలలో పొడవాటి తిన్నని పైపు, శుభ్రమైన నీరు, నిలకడగా ఉండే ఉష్ణోగ్రత ఉంటాయి. మీ ప్లాంటులో మీటరు ముందు మూరెడు దూరంలో ఒక ఎల్బో, దాని ముందు సగం తెరిచిన వాల్వు. వంపు తిరిగిన ద్రవం సుడి తిరుగుతూ, ఒక పక్క వేగంగా, మరో పక్క నెమ్మదిగా మీటరులోకి వస్తుంది. టర్బైనుకూ అల్ట్రాసోనిక్‌కూ అది పెద్ద దెబ్బ. మాగ్నెటిక్ మీటరు కొంత తట్టుకుంటుంది, అయినా ముందు పైపు వ్యాసానికి అయిదింతలు, వెనుక రెండు మూడింతలు తిన్నని పైపు అడుగుతుంది. పీడీ మీటరు సుడిని పెద్దగా పట్టించుకోదు.

తర్వాత కాలం తన పని తాను చేస్తుంది. బోరు నీళ్ళు వెళ్ళే పైపులో సున్నపు పొర కడుతుంది. లోపలి వ్యాసం తగ్గితే అదే నీరు ఇంకా వేగంగా పరుగెత్తాలి. మాగ్నెటిక్ మీటరుకు వేగమే తెలుసు, పైపు ఇరుకైందని తెలియదు. కాబట్టి ఎక్కువ చూపుతుంది. పైపు బయట బిగించే క్లాంప్-ఆన్ మీటరుతో ఇలాంటి లైనును సరిచూస్తే మరో ఉచ్చులో పడతాం. థిక్‌నెస్ గేజి ఇనుము మందాన్ని చెబుతుంది, లోపలి సున్నాన్ని చెప్పదు. అప్పుడు రెండు మీటర్లూ ఒకే వైపు తప్పుతాయి. రెండూ ఏకీభవించాయని మనం తృప్తి పడతాం.

ముందు శుభ్రం చేయాలా, ముందు పరీక్షించాలా?

ముందు పరీక్ష. ఈ పని మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

సర్వీసుకు వచ్చిన మెకానిక్ అలవాటు ప్రకారం స్ట్రైనర్ విప్పి కడుగుతాడు, ఎలక్ట్రోడ్లు తుడుస్తాడు, బేరింగు మారుస్తాడు, ఆ తర్వాత పరీక్ష పెట్టి ‘అంతా బాగుంది’ అని రాసిస్తాడు. ఇప్పుడు బాగుందని తేలింది, మంచిదే. మరి నిన్నటిదాకా ఎంత తప్పు చూపింది? ఆ జవాబు కడిగిన నీళ్ళతో పోయింది. గడిచిన నెలల బిల్లులు, స్టాకు తేడాలు, ఎఫ్లుయెంట్ లెక్కలు అన్నీ ఆ పాత తప్పు మీదే నిలబడి ఉన్నాయి. మీటరు ఎలా దొరికిందో అలాగే, ఒక్క స్క్రూ తిప్పకుండా మొదటి రన్నులు, అంటే కొలత పరీక్షలు, తీసి రాసుకోవాలి. సర్వీసయ్యాక మళ్ళీ తీయాలి. ఈ రెండు వరసల మధ్య తేడాయే ఆ సర్వీసు చేసిన మేలు ఎంతో చెబుతుంది. మొదటి వరస లేని రిపోర్టు మీద సంతకం పెట్టకండి.

సరిచూడటం ఒక పని, సరిదిద్దడం మరో పని. క్యాలిబ్రేషన్ అంటే నమ్మదగిన కొలతతో పోల్చి తేడా ఎంతో కనిపెట్టడం వరకే. సరిదిద్దాలా వద్దా అన్న నిర్ణయం తర్వాత వస్తుంది, ఒక్కోసారి అవసరమే ఉండదు.

గ్యాంట్రీలో ప్రూవరు పరీక్ష ఎలా చేస్తారు?

ప్రూవరు అంటే ఘనపరిమాణం కచ్చితంగా తెలిసిన ఉక్కు పాత్ర. నడుము లావుగా, మెడ సన్నగా ఉంటుంది, మెడకు గాజు గొట్టం, పక్కన స్కేలు. మెడ సన్నగా ఎందుకంటే, అక్కడ పావు లీటరు తేడా వచ్చినా మట్టం కంటికి ఆనేంత ఎత్తు మారుతుంది. మీటరు గరిష్ఠ వేగంతో నడిస్తే కనీసం ఒక నిమిషంలో నిండేంత పాత్ర కావాలి. అంతకంటే చిన్నదైతే వాల్వు తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ వచ్చే చిన్న తప్పులే ఫలితాన్ని ముంచేస్తాయి.

అన్నిటికంటే ముందు ఎర్తింగ్. పైపులో పరుగెత్తే ఇంధనం స్థిర విద్యుత్తును మోసుకొస్తుంది. ప్రూవరును, లోడింగ్ ఆర్మ్‌ను, ఎర్త్‌ను తీగతో కలిపిన తర్వాతే మూత తీయాలి. గొట్టం చివర ద్రవంలో మునిగేదాకా వేగం సెకనుకు ఒక మీటరు మించకూడదు. ఇందులో తొందర ప్రాణాల మీదికి తెస్తుంది.

తర్వాత పాత్రను మట్టంగా నిలబెట్టి, ఒకసారి నింపి వంచేస్తారు. పొడి గోడ కొంత ద్రవాన్ని పట్టుకుంటుంది, తడిసిన గోడ పట్టుకునేది ప్రతిసారీ దాదాపు ఒకటే. ధార తెగాక ఎంతసేపు బొట్లు కారనివ్వాలో ప్రూవరు సర్టిఫికెట్‌లో రాసి ఉంటుంది. ఆ సెకన్లు గడియారం చూసి పాటించాలి, అందాజుగా కాదు. ఇప్పుడు మీటరు మీద 1,000 లీటర్లు పెట్టి నింపుతారు. మెడ దగ్గర 998 చదివారనుకుందాం. ఉష్ణోగ్రత సవరణలన్నీ అయ్యాక కూడా అదే నిలిస్తే మీటర్ ఫ్యాక్టర్ 0.998. మీటరు చెప్పిన ప్రతి అంకెనూ దానితో గుణిస్తే అసలు లీటర్లు వస్తాయి.

ఆ సవరణలు చిన్నవని వదిలేయడానికి లేదు. డీజిల్ ఒక డిగ్రీకి సుమారు 0.08 శాతం వ్యాకోచిస్తుంది, పెట్రోలు 0.12 శాతం దాకా. మీటరు దగ్గర 34 డిగ్రీలున్న డీజిల్ పాత్రలోకి చేరేసరికి 33 అయిందంటే 1,000 లీటర్ల మీద 0.8 లీటరు ‘మాయమైంది’. అది మీటరు తప్పు కాదు. పాత్ర కూడా పెరుగుతుంది. 15 డిగ్రీల దగ్గర సర్టిఫై చేసిన మామూలు ఉక్కు పాత్ర 33 డిగ్రీల దగ్గర వెయ్యికి 0.6 లీటరు ఎక్కువ పట్టుకుంటుంది. మన ఎండల్లో మిట్టమధ్యాహ్నం ఈ పరీక్ష పెట్టడం కంటే తెల్లవారుజామున పెట్టడం మేలు. ఉక్కు, ద్రవం, గాలి ఉష్ణోగ్రతలు ఒకదాని దగ్గరికొకటి వచ్చే వేళ అది.

ఒక్క రన్నుతో ఏదీ తేల్చకూడదు. ఒకే వేగంలో వరసగా కొన్ని రన్నులు తీసి, అవి ఎంత దగ్గరగా వస్తున్నాయో చూడాలి. ఇంధనం చేతులు మారే చోట, పాత్రకు బదులు పైపు ప్రూవర్లతో సరిచూసేటప్పుడు, వరసగా ఐదు రన్నుల మధ్య తేడా 0.05 శాతం మించకూడదన్నది చిరకాలంగా ఉన్న వాడుక. తర్వాత వేగం మార్చి మళ్ళీ తీయాలి. నిండు వేగంలో బాగున్న పీడీ మీటరు, ట్యాంకరు నిండబోతుండగా ధార సన్నబడినప్పుడు తక్కువ చూపవచ్చు. జారిపోయే వాటా అప్పుడు పెరుగుతుంది కాబట్టి.

ప్రూవరు పెట్టలేని చోట ఏం చేయాలి?

నీటి లైనులో అయితే సంపును వాడుకోవచ్చు. గోడలు తిన్నగా ఉన్న సంపు పొడవు వెడల్పులు కొలిచి, మిగతా ఇన్‌లెట్, ఔట్‌లెట్ అన్నీ మూసి, మీటరు గుండా మాత్రమే నీరు వదిలి మట్టం ఎంత మారిందో చూడాలి. ముందుగా అన్నీ మూసి అరగంట ఆగాలి. మట్టం దానంతటదే కదులుతుంటే ఏదో వాల్వు కారుతోంది, పరీక్ష చెల్లదు. మట్టం మార్పు ఎంత పెద్దదైతే ఫలితం అంత నమ్మదగింది. పది సెంటీమీటర్ల మార్పులో రెండు మిల్లీమీటర్లు తప్పు చదివితే రెండు శాతం పోయింది, రెండు మీటర్ల మార్పులో అయితే అది 0.1 శాతమే.

ట్యాంకరును వేబ్రిడ్జి మీద తూచడం ఇంకో దారి. ఇక్కడ చాలామంది కిలోను లీటరుగా రాసేస్తారు. 30 డిగ్రీల నీరు లీటరుకు 0.9957 కిలోలే తూగుతుంది, పైగా గాలి తేల్చే బలం మరో 0.1 శాతం తగ్గిస్తుంది. కాటా మీద 1,000 కిలోలు చూపిన నీరు నిజానికి 1,005 లీటర్ల పైచిలుకు. ఈ ఒక్క లెక్క మరిస్తే, మంచి మీటరును అర శాతం చెడగొట్టి వస్తాం.

మూడోది మాస్టర్ మీటరు. ప్రయోగశాలలో సరిచూసి తెచ్చిన మీటరును అదే లైనులో వరసగా బిగించి రెండింటినీ పోల్చడం. వేగమైన పని, కానీ మాస్టరును తెచ్చే దారిలో జీపు కుదుపులకు అదే తప్పిందేమో ఎలా తెలుస్తుంది? వెళ్ళేముందూ తిరిగొచ్చాకా రెండుసార్లూ దాన్ని సరిచూసే సంస్థల మాటే నేను నమ్ముతాను.

ఇంతకీ ఆ ప్రూవరును, ఆ మాస్టరును ఎవరు సరిచూస్తారు? వాటికంటే మెరుగైన కొలత ఉన్న ప్రయోగశాల. అక్కడి కొలతలను అంతకంటే మెరుగైనవి. ఆ మెట్లు మన దేశంలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా వెళ్తాయి. ద్రవ ప్రవాహ మీటర్లకు కేరళలో పాలక్కాడ్ దగ్గర ఉన్న ఎఫ్‌సీఆర్ఐ పేరున్న చోటు. సర్టిఫికెట్ మీద, ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ గుర్తు ఉందా అని చూస్తే చాలదు. మీ మీటరు నడిచే వేగాల పరిధి, ద్రవం అందులో ఉన్నాయా అని కూడా చూడాలి.

తేడా వచ్చింది. ఇప్పుడు స్క్రూ తిప్పేయాలా?

ఆగండి. తేడా రెండు రకాలు. ఐదు రన్నుల్లోనూ ఒకేలా 0.3 శాతం తక్కువ వస్తుంటే అది నిలకడైన తేడా, దాన్ని సర్దవచ్చు. ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ వస్తుంటే ఎక్కడో రోగం ఉంది. స్క్రూ తిప్పడం దాన్ని దాచడమే.

మొదటి అనుమానం గాలి మీద. పీడీ, టర్బైను మీటర్లకు గాలికీ డీజిల్‌కూ తేడా తెలియదు, రెండింటినీ లీటర్లలోనే కలుపుతాయి. పంపు సక్షన్ వైపు గ్లాండు వదులైనా, ట్యాంకు మట్టం బాగా అడుగంటినా గాలి వస్తుంది. గాలిని వేరుచేసే ఎయిర్ ఎలిమినేటర్‌లో ఫ్లోటు ఇరుక్కుపోయిందేమో చూడాలి. రెండో అనుమానం కారే వాల్వులు. మీటరు దాటాక పక్క లైనుకు పోయే వాల్వు కొంచెం వదిలినా మీటరుదే తప్పుగా కనిపిస్తుంది. మూడోది స్ట్రైనర్. జాలీ చిరిగితే తుప్పు రవ్వలు నేరుగా రోటరుకు చేరతాయి, మూసుకుపోతే పీడనం పడిపోయి పెట్రోలు లైనులో ఆవిరి బుడగలు లేస్తాయి.

విప్పి శుభ్రం చేసేటప్పుడు ఒక జాగ్రత్త: టర్బైను రెక్కలను కంప్రెసర్ గాలితో ఊదకండి. ద్రవంలో తిరగాల్సిన రోటరు గాలికి అంతకు ఎన్నో రెట్లు వేగంగా తిరిగి, నిమిషంలో బేరింగు పాడవుతుంది. సర్వీసయ్యాక ఖాళీ లైనును నింపేటప్పుడు వాల్వు ఒక్కసారిగా తెరిచినా అదే జరుగుతుంది. ముందు తోసుకొచ్చే గాలే చక్రాన్ని చెడగొడుతుంది.

మాగ్నెటిక్ మీటరులో కదిలే భాగాలు లేవు కాబట్టి రోగాలు ఎక్కువగా విద్యుత్తువే. ప్లాస్టిక్ పైపు మధ్య బిగించిన మీటరుకు ఎర్తింగ్ రింగులు లేకపోతే అంకె ఊగిసలాడుతుంది. వానాకాలంలో జంక్షన్ బాక్సులోకి చెమ్మ దిగితే మిల్లీవోల్టుల్లో ఉండే సంకేతం అక్కడే కారిపోతుంది. జీరో చూసేటప్పుడు పైపు నిండా ద్రవం ఉండాలి, అది కదలకుండా ఉండాలి. ఖాళీ పైపులో ఎలక్ట్రోడ్లు గాల్లో వేలాడుతుంటాయి, అప్పుడు చూపే సున్నాకు అర్థం లేదు. కొరియాలిస్‌కూ ఇదే నియమం, ఇంకా కఠినంగా: రెండు వైపులా వాల్వులు మూసి, గొట్టం లైను ఉష్ణోగ్రతకు వచ్చాకే జీరో కొట్టాలి.

మీటరు బాగున్నా కంట్రోల్ రూములో తప్పు కనిపించడం ఎలా?

ఇది చాలా మామూలు సంగతి, చాలా తక్కువమంది వెతికే సంగతి కూడా. మీటరు తన ప్రవాహాన్ని 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపుతుంది. మీటరులో పరిధి గంటకు 0–120 ఘనపు మీటర్లు అని ఉండి, కంట్రోల్ రూములో ఎవరో 0–100 అని పెట్టారనుకోండి. గంటకు 60 ఘనపు మీటర్లు వెళ్తుంటే మీటరు 12 మిల్లీ ఆంపియర్లు పంపుతుంది, కంట్రోల్ రూము దాన్ని 50 అని చదువుతుంది. ఆరింట ఒక వంతు కాగితం మీద మాయం. మీటరును వందసార్లు ప్రూవరుతో పోల్చినా ఇది దొరకదు. అందుకని బిల్లు ఏ అంకె మీద కడుతున్నారో ఆ అంకె దాకా పోల్చుకుంటూ వెళ్ళాలి. మీటరు పల్సులుగా పంపే లెక్కా అంతే, ఒక పల్సుకు ఎన్ని లీటర్లో రెండు వైపులా ఒకటే ఉండాలి.

సీలు ఎవరు విప్పాలి?

అమ్మకానికి వాడే మీటరు 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కిందికి వస్తుంది. సీలు తెంపి సర్దితే, లైసెన్సున్న రిపేరరు చేయాలి, తూనికలు కొలతల శాఖ అధికారి మళ్ళీ సరిచూసి ముద్ర వేయాలి. మామూలు మనిషికి ఇది దగ్గరగా కనిపించేది పెట్రోలు బంకులో. ప్రతి బంకులోనూ ముద్ర వేసిన ఐదు లీటర్ల పాత్ర ఉంటుంది. అడిగితే మీ ముందే నింపి చూపాలి, 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు. అడగడానికి మొహమాట పడాల్సిన పనిలేదు. నిజాయితీగా నడిపే బంకు వాళ్ళకూ ఆ పాత్ర అండే.

ఎన్నాళ్ళకోసారి సరిచూడాలి?

చట్టం గడువు పెట్టిన చోట ఆ గడువు. మిగతా చోట్ల మీటరు చరిత్రే చెప్పాలి. ప్రతిసారీ ఏమీ తాకకముందు వచ్చిన మీటర్ ఫ్యాక్టర్‌ను తేదీతో ఒక గ్రాఫు మీద చుక్కగా పెట్టండి. చుక్కలు ఒకే గీత చుట్టూ ఉంటే వ్యవధి పెంచవచ్చు. నెమ్మదిగా ఒకే వైపు జారుతుంటే అది అరుగుదల, బేరింగు ఎప్పుడు మార్చాలో కూడా ఆ వాలే చెబుతుంది. ఒక్కసారిగా ఎగిరితే ఆ మధ్యలో ఏం జరిగిందో లాగ్‌బుక్‌లో వెతకాలి. గడువుతో సంబంధం లేకుండా వెంటనే సరిచూడాల్సిన సందర్భాలూ ఉన్నాయి: స్ట్రైనర్ జాలీ చిరిగినప్పుడు, దగ్గర్లో పిడుగు పడినప్పుడు, లైనులో ద్రవం మారినప్పుడు, మీటరు ముందు పైపులో వెల్డింగు జరిగినప్పుడు, మీటరు ఎలక్ట్రానిక్ కార్డు మార్చినప్పుడు. ఇవన్నీ వేరువేరు షిఫ్టుల్లో, వేరువేరు విభాగాల వాళ్ళు చేసే పనులు. కాబట్టి మీటరు పక్కనే వాన తగలని డబ్బాలో ఒక కార్డు వేలాడదీసి, ఎవరు ఏ పని చేసినా తేదీ రాసి పొమ్మనాలి.